సిడ్నీలో పిల్లల్ని రగ్బీలో చేర్చేవాళ్లు జాగ్రత్త: "అన్నీ ఇందులోనే" అంటే నమ్మి కట్టేయకండి

వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ, షోఫీల్డ్స్ వైపు ఉన్న మనవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. వచ్చే సీజన్‌కి పిల్లల్ని రగ్బీలో వేద్దామనుకుంటున్నవాళ్లైతే తప్పకుండా చదవండి. శనివారం పొద్దున గ్రౌండ్‌లో జరిగినదానికి నాకింకా కోపం దిగలేదు.

మావాడు అండర్ టెన్స్. రగ్బీలో లీగ్, యూనియన్ అని రెండు వేర్వేరు ఆటలున్నాయి, వీడిది లీగ్ కాదు, యూనియన్. క్లాసులో ఫ్రెండ్స్ ఆడుతున్నారని వాడే పట్టుబట్టాడు. ఫిబ్రవరిలో సైన్ ఆన్ రోజు, అంటే పిల్లల పేర్లు నమోదు చేసే రోజు, టేబుల్ దగ్గర కూర్చున్నావిడని సూటిగానే అడిగాను, "ఈ 265 డాలర్లు కాక మళ్లీ ఏమైనా కట్టాలా?" అని. "లేదు, అన్నీ ఇందులోనే" అంది. జెర్సీ, షార్ట్స్, సాక్సులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపే అని వేళ్లు మడిచి మరీ చెప్పింది. అక్కడే నిలబడి యాప్‌లో కట్టేశాను.

మేలో మొదలైంది. ముందు గాలా డే (చాలా టీమ్‌లు ఒకేచోట ఆడే రోజు) ఫీజన్నారు, కట్టాను. ఆ తర్వాత "డెవలప్‌మెంట్ లెవీ" అని, అంటే ఫీజు పైన అదనపు వసూలు, 90 డాలర్లకి మెయిల్. ఇది దేనికి, సైన్ ఆన్ రోజు ఎందుకు చెప్పలేదు, వివరం ఇస్తే కడతాను అని మర్యాదగానే జవాబు రాశాను. సమాధానం లేదు. మళ్లీ అడిగితే అదే మెయిల్ "రిమైండర్" అని పేరు మార్చుకుని వచ్చింది. నా ప్రశ్నకి మాత్రం ఒక్క ముక్క జవాబు లేదు.

ఇక శనివారం. పొద్దున్నే చలి, గడ్డి అంతా మంచుకి తడిసి ఉంది. పిల్లలు వార్మప్‌కి వరసలో నిలబడ్డారు. మావాడు హెడ్‌గేర్ బిగించుకుని, మౌత్‌గార్డ్ పెట్టుకుని రెడీగా ఉన్నాడు. టీమ్ మేనేజర్ చేతిలో కాగితం పట్టుకుని వచ్చి, వరసలోంచి వాణ్ణి వేలితో బయటికి పిలిచి, అందరూ వినేలా, "నువ్వు ఇవాళ ఆడవు, మీ నాన్న డబ్బు కట్టలేదు" అన్నాడు.

తొమ్మిదేళ్ల పిల్లాడితో! పది అడుగుల దూరంలో నేను నిలబడే ఉన్నాను. నా దగ్గరికొచ్చి చెప్పొచ్చు, ఫోన్ చేయొచ్చు, ముందురోజు మెసేజ్ పెట్టొచ్చు. అవేవీ కాకుండా పిల్లాడికి చెప్పాడు. వాడు నావైపు తిరిగి చూశాడు. మౌత్‌గార్డ్ తీసి, షార్ట్స్‌కి తుడుచుకుని, గుప్పిట్లో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. మిగతా పిల్లలు పరుగెత్తుకెళ్లిపోయారు. వాళ్ల కోచ్ మంచివాడు, ఆయన కూడా తల దించుకున్నాడే తప్ప నోరు విప్పలేదు.

నేను మేనేజర్ దగ్గరికి వెళ్లి, "రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, యాప్‌లో చూడండి" అన్నాను. అసలు రిజిస్ట్రేషనే లేకపోతే ఆపడంలో న్యాయం ఉంది. కవర్ లేకుండా పిల్లాడు మైదానంలోకి దిగి మెడకో భుజానికో దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత? అది నాకూ తెలుసు. కానీ మావాడికి అన్నీ ఉన్నాయి. బాకీ అని వాళ్లంటున్నది క్లబ్ మధ్యలో పుట్టించిన లెవీ ఒక్కటే. దానికి ఆయన చెప్పిన జవాబు: "కట్టుకోలేని పరిస్థితైతే చెప్పండి, కమిటీలో మాట్లాడి ఏదో ఒకటి చూస్తాం."

చుట్టూ పేరెంట్స్ అంతా వింటున్నారు. కట్టలేక కాదు, దేనికో చెప్పమని అడుగుతున్నాను అంటే, "అందరూ కట్టారు, మీరొక్కరే అడుగుతున్నారు" అన్నాడు. కారెక్కాక మావాడు అడిగిన మొదటి మాట, "నాన్నా, మన దగ్గర డబ్బుల్లేవా?" ఆ మాట పిల్లాడి నోట వచ్చేలా చేసినవాళ్లని నేను క్షమించను.

ఆ తర్వాత రీఫండ్ అడిగాను. సీజన్ మొదలైపోయింది కాబట్టి ఇవ్వం, అందులో పై సంస్థల వాటా మా చేతుల్లో ఉండదు, పైనే అడగండి అన్నారు. పైన అడిగితే మీ క్లబ్‌నే అడగండి అన్నారు. ఎవరి వాటా ఎంతో మాత్రం ఇప్పటికీ ఎవరూ కాగితం మీద పెట్టి చూపించలేదు.

అసలు రోగం ఇక్కడే ఉంది. మనం కట్టే ఒక్క మొత్తంలో జాతీయ సంస్థది కొంత, రాష్ట్ర యూనియన్‌ది కొంత, ఇన్సూరెన్స్ కొంత, మిగిలింది క్లబ్‌ది. 2016లో అప్పటి ఏఆర్‌యూ (ఆస్ట్రేలియన్ రగ్బీ యూనియన్, ఇప్పటి రగ్బీ ఆస్ట్రేలియా) జాతీయ స్థాయిలో ఆటగాళ్ల మీద ఫీజు పెట్టినప్పుడు సిడ్నీ క్లబ్బులే మండిపడ్డాయి. కింద వసూలు చేసిన డబ్బు కింది ఆటకి తిరిగి రావట్లేదని, ఈస్ట్‌వుడ్ క్లబ్ అధ్యక్షుడిగా పనిచేసిన మాజీ వాలబీ (జాతీయ జట్టు ఆటగాడు) బ్రెట్ పాప్‌వర్త్ ఏళ్ల తరబడి బహిరంగంగానే అడిగాడు. 2023లో రగ్బీ ఆస్ట్రేలియా 8 కోట్ల డాలర్ల రుణ ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది స్టార్ ఆటగాడు జోసెఫ్ సుఆలీని లీగ్ నుంచి తీసుకొస్తున్నామని ప్రకటించింది, ఏడాదికి పదిహేను లక్షల డాలర్ల పైమాటే అని పేపర్లు రాశాయి. పెద్ద ఆటగాళ్లకి ఇవ్వొద్దని నేననను. పిల్లల దగ్గర తీసుకునేదానికి లెక్క చెప్పమంటున్నాను, అంతే.

పైగా మన మీద భారం ఇప్పుడు పెరిగింది. 2018లో పిల్లల ఆటల ఫీజుకి మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే యాక్టివ్ కిడ్స్ వోచర్ మొదలైనప్పుడు స్కూలు పిల్లలందరికీ 100 డాలర్లు వచ్చేది. 2024 ఫిబ్రవరి నుంచి ఫ్యామిలీ టాక్స్ బెనిఫిట్ (ఆదాయాన్ని బట్టి ప్రభుత్వం ఇచ్చే సాయం) వచ్చే కుటుంబాలకే, 50 డాలర్లవి రెండు ఇస్తున్నారు. మనలో చాలామందికి అదీ రాదు.

ఒకటి మాత్రం చెప్పాలి. కోచ్‌లు, క్యాంటీన్‌లో నిలబడేవాళ్లు పైసా తీసుకోకుండా చేస్తున్నారు. నేనూ బార్బెక్యూ దగ్గర నిలబడి సాసేజీలు కాల్చాను. వాళ్ల కష్టం మీద నాకు గౌరవమే. కానీ వాలంటీర్లం అన్నంత మాత్రాన పిల్లాణ్ణి అందరి ముందూ అవమానించే హక్కు రాదు.

2027 ప్రపంచ కప్ ఇక్కడే కాబట్టి స్కూళ్ల దగ్గర ఫ్లయర్లు, ఫ్రీ ట్రయల్స్ ఇంకా ఎక్కువవుతాయి. చేర్చండి, ఆట మంచిదే. కాకపోతే కట్టే ముందు ఈమెయిల్‌లో అడగండి: మొత్తం ఎంత, అందులో ఎవరి వాటా ఎంత, మధ్యలో లెవీలు ఉంటాయా, మానేస్తే ఎంత వెనక్కిస్తారు. నోటిమాట వద్దు. తప్పనిసరి ఖర్చులన్నీ కలిపిన ధర ముందే చూపించాలని ఇక్కడి వినియోగదారుల చట్టంలోనే ఉంది. క్లబ్ ఇన్‌కార్పొరేటెడ్ అసోసియేషన్ (చట్టప్రకారం నమోదైన సంఘం) అయితే ఏజీఎంలో, అంటే ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో, సభ్యుల ముందు లెక్కలు పెట్టాలి. మీకు సభ్యత్వం ఉందో లేదో కనుక్కుని వెళ్లి కూర్చోండి, ఆ లెవీ ఎక్కడికి పోయిందో అడగండి. వినియోగదారుల ఫిర్యాదులు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఎస్‌డబ్ల్యూ ఫెయిర్ ట్రేడింగ్‌లో ఫిర్యాదుకి రూపాయి ఖర్చు లేదు. నేను మెయిళ్లు, రసీదులు జతచేసి నిన్న రాత్రే పెట్టాను.

క్లబ్ పేరు ఇక్కడ రాయట్లేదు. ఆ వైపు చేర్చబోతున్నవాళ్లు ఇన్‌బాక్స్‌లో అడగండి, మెయిళ్లన్నీ చూపిస్తాను. ఇదే లెవీ మీ దగ్గర కూడా తీసుకుని ఉంటే దయచేసి ముందుకు రండి. అడిగేది నేనొక్కణ్ణే అని ఆయన ఇంకోసారి అనకుండా ఉండాలంటే ఏజీఎంకి కనీసం నలుగురం కలిసి వెళ్లాలి.