ప్లాటు ముందు రోడ్డు ఎవరి పేరున ఉంది? ఈసీ, రెరా, భూభారతి సేవల సమీక్ష

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొనేవాళ్లు చాలా జాగ్రత్తలే తీసుకుంటారు. ప్లాటుకు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీల పత్రం) తీస్తారు, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తారు, హద్దురాళ్ల మధ్య టేపు పట్టిస్తారు. ప్లాటు ముందున్న ముప్పై అడుగుల రోడ్డు ఎవరి పేరున ఉందో మాత్రం అడగరు. రేపు ఇంటికి అనుమతి రావాలన్నా, ప్లాటు మళ్లీ అమ్ముడుపోవాలన్నా ఆ రోడ్డే ఆధారం. అందుకే ఈ సమీక్షలో ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలను ఒక్క ప్రశ్నతోనే చూశాం: కొనకముందే, ఇంట్లో కూర్చుని, లేఅవుట్ రోడ్డు సంగతి ఎంతవరకు తేల్చుకోవచ్చు? చూసినవి తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ ఈసీ, రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే రెరా సైటు, భూముల రికార్డు ఉండే భూభారతి. ఇవి తేల్చలేని చోటికి సమాచార హక్కు దరఖాస్తు.

సేవల సంగతికి ముందు రూలు తెలియాలి. అది తెలియకపోతే తెర మీద కనిపించేది అర్థం కాదు.

ఓపెన్ ప్లాట్ల లేఅవుట్‌కు అనుమతి రెండు మెట్లలో వస్తుంది. మొదట డ్రాఫ్ట్ లేఅవుట్. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో దీన్ని డ్రాఫ్ట్ ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) అంటారు, డీటీసీపీ (పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ) పరిధిలో టీఎల్పీ అంటారు. ఈ దశలో డెవలపర్ 15 శాతం ప్లాట్లను అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. ఆ తర్వాత రోడ్లు, మురుగు కాల్వలు, నీటి లైన్లు, కరెంటు స్తంభాలు, చెట్లు పూర్తిచేసి, రోడ్లనూ పార్కు స్థలాన్నీ స్థానిక సంస్థ పేరున రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. అప్పుడే ఫైనల్ ఎల్పీ వస్తుంది, తనఖా విడుదలవుతుంది. గిఫ్ట్ డీడ్ అయిన రోజు నుంచి ఆ రోడ్లు ఊరి రోడ్లే. చుట్టూ గోడ కట్టి, 'గేటెడ్ కమ్యూనిటీ' అని ఆర్చి పెట్టినా ఆ సంగతి మారదు.

విల్లాలు, రో హౌసులు కట్టి అమ్మే గ్రూప్ డెవలప్‌మెంట్‌కు వర్తించేవి 7-4-2012న వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్. ఆ రూల్స్ చదివితే 'మా కాలనీలో రోడ్లు ప్రైవేటు' అనే మాట ఎంత పలచనో తెలుస్తుంది. స్కీములోని రోడ్లు, ఖాళీ స్థలాలు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేలోపు గిఫ్ట్ డీడ్ ద్వారా ఉచితంగా స్థానిక సంస్థకు వెళ్లాలి. వాటిని వాడుకోవడానికి, చూసుకోవడానికి కాలనీ అసోసియేషన్ తిరిగి ఆ సంస్థతోనే ఒప్పందం చేసుకోవచ్చు. ఆక్రమణ జరిగినా, నిబంధన తప్పినా సంస్థ దాన్ని కూల్చి, రోడ్డును మళ్లీ తన చేతిలోకి తీసుకోవచ్చు. పైగా లోపలి భూములవాళ్లు వెళ్లడానికి స్థలంలో ఒక పక్కగా ప్రజల రోడ్డు వదలాలి. అంటే గేటు, కాపలాదారు, విజిటర్ల రిజిస్టరు, అన్నీ ఒప్పందం మీద నడిచేవే. హక్కు మీద కాదు.

అపార్ట్‌మెంట్లలో బ్లాకుల మధ్య ఉండే డ్రైవ్‌వే సంగతి వేరు. అది ఉమ్మడి స్థలం. రెరా చట్టం 17వ సెక్షన్ ప్రకారం బిల్డర్ ఉమ్మడి స్థలాలను అసోసియేషన్ పేరున రాసివ్వాలి. ఈ సమీక్ష వాటి గురించి కాదు.

ఇక సేవలు. అన్నిటికన్నా పనికొచ్చేది రిజిస్ట్రేషన్ శాఖ ఈసీ. సైటులో లాగిన్ చేసుకుంటే 1983 నుంచి జరిగిన లావాదేవీలు వెతకొచ్చు. సరిగ్గా వాడితే రోడ్డు గిఫ్ట్ డీడ్ ఇందులోనే దొరుకుతుంది. అయినా చాలామందికి దొరకదు. కారణం చిన్నదే: అందరూ ప్లాటు నంబరు కొట్టి వెతుకుతారు. రోడ్డుకు ప్లాటు నంబరు ఉండదు కదా! గిఫ్ట్ డీడ్ షెడ్యూల్‌లో ఉండేవి సర్వే నంబర్లు. కాబట్టి ప్లాటు నంబరుతో ఒక ఈసీ తీశాక, ప్లాటు గడి ఖాళీగా వదిలేసి, లేఅవుట్‌లో ఉన్న ప్రతి సర్వే నంబరుకూ విడిగా మరో ఈసీ తీయాలి. సర్వే నంబర్లన్నీ లేఅవుట్ ప్లాను పైభాగంలోనే అచ్చువేసి ఉంటాయి.

ఇక్కడ తప్పులు దొర్లే చోట్లు కొన్ని ఉన్నాయి. సబ్‌డివిజన్ నంబరును ఒకరు 112/ఎ అని, మరొకరు 112/అ అని, ఇంకొకరు ఉత్త 112 అని ఎక్కించి ఉంటారు. మూడు రకాలుగానూ వెతకాలి. ఊరి పేరు దగ్గర శివారు గ్రామం కాకుండా రెవెన్యూ గ్రామం పేరు ఇవ్వాలి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులను విడగొట్టిన చోట పాత దస్తావేజు పాత ఆఫీసు కింద ఉండొచ్చు, కాబట్టి రెండు ఆఫీసులూ చూడాలి. ఫలితాల జాబితా వచ్చాక లావాదేవీల పక్కన టిక్ పెట్టమంటుంది. అన్నీ టిక్ పెట్టండి. అమ్మేవాళ్లు తీసిచ్చిన ఈసీలో గిఫ్ట్ డీడో తనఖానో కనబడకపోతే చాలాసార్లు ఆ టిక్కుల దగ్గరే తేడా జరిగి ఉంటుంది. అందుకే ఎవరో ఇచ్చిన ఈసీ కాగితం కన్నా మీరు సొంతంగా తీసిందే నమ్మండి.

జాబితాలో గిఫ్ట్ డీడ్ కనిపిస్తే తీసుకున్నవారి పేరు చూడండి. మున్సిపల్ కమిషనరో, గ్రామ పంచాయతీయో ఉండాలి. ఇప్పుడు మీ కాలనీ మున్సిపాలిటీలో ఉన్నా డీడ్‌లో పంచాయతీ పేరే ఉండొచ్చు. 2024లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిశాయి. పంచాయతీ పేరున ఉన్న రోడ్డు అలా కలిసిన సంస్థకే చెందుతుంది, కంగారు అక్కర్లేదు. తీసుకున్నవారి చోట 'ప్లాట్ ఓనర్స్ అసోసియేషన్' అని ఉంటే మాత్రం ఆగాలి. ఓపెన్ ప్లాట్ల లేఅవుట్‌లో రోడ్లు వెళ్లాల్సింది అసోసియేషన్‌కు కాదు.

డీడ్ ఉందని తేలగానే పని అయిపోయినట్టు కాదు. సర్టిఫైడ్ కాపీ తీసుకుని, అందులో రాసిన విస్తీర్ణాన్ని లేఅవుట్ ప్లాను మీది ఏరియా స్టేట్‌మెంట్‌తో పోల్చాలి. ఉదాహరణకు పదెకరాల లేఅవుట్ అంటే 48,400 గజాలు. ప్లానులో రోడ్లకు 30 శాతం, పార్కుకు 10 శాతం చూపించారనుకుందాం. రోడ్లు 14,520 గజాలు, పార్కు 4,840 గజాలు కావాలి. గిఫ్ట్ డీడ్‌లో రోడ్లు 12,000 గజాలే ఉంటే మిగతా 2,520 గజాలు ఇంకా డెవలపర్ పేరునే ఉన్నట్టు. సాధారణంగా ఇలా మిగిలిపోయేవి లేఅవుట్ అంచున ఉన్న రోడ్డు, పక్క పొలంలోకి దారితీసే రోడ్డు చివర, మాస్టర్ ప్లాన్ విస్తరణకు వదిలిన పట్టీ. సరిగ్గా ఆ ముక్కలకే తర్వాత విలువ పెరుగుతుంది. గొడవలూ అక్కడే మొదలవుతాయి.

రెరా సైటు రెండో స్థానం. 500 చదరపు మీటర్లు దాటిన లేదా ఎనిమిది యూనిట్లు మించిన ప్రాజెక్టు రిజిస్టర్ కావాలి, ఓపెన్ ప్లాట్లకూ ఇది వర్తిస్తుంది. తెలంగాణలో 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందినవి ఇందులో ఉండాలి. ప్రాజెక్టు పేరు కొట్టి, సర్టిఫికెట్‌తో ఆగకుండా దరఖాస్తు వివరాల పేజీ తెరవండి. అక్కడ లేఅవుట్ ప్లాను, భూమి పత్రాలు, అభివృద్ధి పనుల పట్టిక ఉంటాయి. పట్టికలో అంతర్గత రోడ్లు, ఫుట్‌పాత్‌లు అనే వరుస ఉంటుంది. ఆ పనులు చేస్తున్నట్టు చూపించారా, ఎంత శాతం అయ్యాయని రాశారు అన్నది చూడండి. బ్రోషర్‌లో 40 అడుగుల సీసీ రోడ్లు అని రాసి, ఇక్కడ మరొకటి చెప్పి ఉంటే, ఫిర్యాదులో పనికొచ్చేది ఇక్కడ చెప్పిందే. ఆ పేజీని తేదీతో సహా ప్రింట్ తీసి పెట్టుకోండి.

ఈ సైటు బలం ప్లాను దొరకడం. అసలు ప్లాను చేతికి వస్తే ఏజెంట్ చూపించే రంగుల బొమ్మతో పనిలేదు. ప్లాను మీద మీటర్లలో ఉంటే లెక్క గుర్తుంచుకోండి: 9 మీటర్లంటే 29.5 అడుగులు, 12 మీటర్లంటే 39.4, 18 మీటర్లంటే 59. తనఖా పెట్టిన ప్లాట్ల నంబర్లను ప్లాను మీదో, అనుమతి లేఖలోనో వెతకండి. మీరు కొనే ప్లాటు వాటిలో ఉంటే తనఖా విడుదలయ్యేదాకా డబ్బు కట్టొద్దు. రోడ్డు ప్లాను అంచుదాకా వెళ్లి ఆగిందా, పక్క భూమికి కలిపేలా గీశారా అన్నదీ ఇక్కడే తేలుతుంది. కలిపేలా గీసిన రోడ్డుకు అడ్డంగా సైటు మీద గోడ కనిపిస్తే, ఆ గోడ ఏదో ఒకరోజు పోతుందని అనుకునే కొనాలి. హైదరాబాద్‌లో ఆక్రమణల తొలగింపు చూసే ప్రభుత్వ సంస్థ, 2024 జులైలో ఏర్పడిన హైడ్రా, రోడ్లకు అడ్డంగా కట్టిన ఇలాంటి గోడలను తొలగిస్తూనే ఉంది.

బలహీనత ఏమిటంటే, వివరాలన్నీ డెవలపర్ ఎక్కించేవే. రోడ్లు నూరు శాతం పూర్తి అని ఉంటే అది అతని మాట. గిఫ్ట్ డీడ్ అయిందా అన్న ప్రశ్నకు ఈ సైటు మీద ఆధారపడొద్దు, దానికి ఈసీయే సాక్ష్యం.

భూభారతి ఈ పనికి పుట్టింది కాదు, వ్యవసాయ భూముల రికార్డు. అయినా ఒక తనిఖీకి బాగా ఉపయోగపడుతుంది. లేఅవుట్ సర్వే నంబర్లు కొట్టి చూడండి. భూమి నాలా (వ్యవసాయేతర భూమి) కింద మారి ఉండాలి. రోడ్లు పడి, ఇళ్లు లేచినా కొన్ని సబ్‌డివిజన్లు ఇంకా పాత పట్టాదారు పేరున సాగుభూమిగా కనిపిస్తుంటే, ఆ కుటుంబంలో మరో వారసుడు అదే భూమిని మళ్లీ అమ్మడానికి దారి తెరిచి ఉన్నట్టే. అలా అమ్మినప్పుడు మొదట పోయేది రోడ్డూ పార్కే, ఎందుకంటే వాటి మీద కాపలాగా ఎవరి ఇల్లూ ఉండదు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా, అంటే 22-ఎ, రిజిస్ట్రేషన్ శాఖ సైటులోనే చూసుకోవచ్చు.

ఈ మూడూ చూశాక మిగిలేది స్థానిక సంస్థ రికార్డు. తమకు అప్పగించిన లేఅవుట్ రోడ్ల జాబితాను కొనేవాళ్లు తేలిగ్గా చూసుకునేలా మున్సిపాలిటీలు పెట్టాలి. మొత్తం వ్యవస్థలో అసలు లోటు అదే. అప్పటిదాకా సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవాలి. పంచాయతీకైతే రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైస్థాయిలో 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. 'రోడ్ల పరిస్థితి తెలపండి' అని రాస్తే మీకు కావలసింది రాదు. ఫలానా ఎల్పీ నంబరు లేఅవుట్‌కు సంబంధించి రోడ్ల గిఫ్ట్ డీడ్ డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, నకలు, ఫైనల్ లేఅవుట్ ఉత్తర్వు నకలు, అసోసియేషన్‌తో నిర్వహణ ఒప్పందం ఉంటే దాని నకలు అని కాగితాల పేర్లతో అడగండి.

గిఫ్ట్ డీడ్ లేకపోతే రోజువారీగా ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. రోడ్డు తమది కాదు కాబట్టి మున్సిపాలిటీ గుంత పూడ్చడానికీ, వీధి దీపం మార్చడానికీ బడ్జెట్ పెట్టదు. డెవలపర్ అప్పటికే మరో వెంచర్‌కు వెళ్లిపోయి ఉంటాడు. అసోసియేషన్ నెలనెలా వసూలు చేసే డబ్బు తారు రోడ్డుకు చాలదు. ఆస్తిపన్ను మాత్రం అందరిలాగే కట్టాలి. ఇదంతా పడేది ఇల్లు కట్టుకున్నవాళ్ల మీద. పెట్టుబడికి కొని ఖాళీగా వదిలేసినవాళ్లకు పట్టదు, అందుకే కాలనీలో పదిమందిని కూడగట్టడమూ కష్టమవుతుంది.

ఇప్పటికే కొన్నవాళ్లకు దారి లేకపోలేదు. రెరా చట్టం 14వ సెక్షన్ కింద, స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు పని నాణ్యతలోనో సేవల్లోనో లోపం కనిపించి తెలియజేస్తే డెవలపర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, ఫోటోలూ రెరా పేజీ ప్రింటూ జతచేసి, కదలిక లేకపోతే రెరాకు ఫారం-ఎంలో ఫిర్యాదు వేయండి. అసోసియేషన్ పేరున వేస్తే అందరి తరఫునా వేసినట్టవుతుంది. మంజూరైన లేఅవుట్‌ను మార్చాలంటే కొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతి కావాలని అదే సెక్షన్ చెబుతుంది. పార్కును ప్లాటుగా మార్చే ప్రయత్నం జరిగితే పట్టుకోవాల్సింది ఈ మాటనే.

ఇంకా కొననివాళ్లు అగ్రిమెంట్‌లో రెండు మాటలు రాయించుకోండి. ఫైనల్ ఎల్పీ వచ్చాకే చివరి విడత కడతామని ఒకటి. రోడ్ల గిఫ్ట్ డీడ్ డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పేరు సేల్ డీడ్ లోపల రాయాలని రెండోది. డ్రాఫ్ట్ ఎల్పీ నంబరు చూపించి 'హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్' అనే అమ్మకందారు మొదటి మాటకు ఎలాగోలా ఒప్పుకుంటాడు. గిఫ్ట్ డీడ్ చేయనివాడు మాత్రం రెండో మాట దగ్గర ఆగిపోతాడు, ఎందుకంటే రాయడానికి అతని దగ్గర నంబరు ఉండదు.