బో కైట్ కొన్నాను, రిలీజ్ గురించి చెప్పాలి

మా అనంతపురంలో గాలికి కొదవ లేదు, సముద్రమే లేదు. అందుకే కైట్‌బోర్డింగ్‌కి (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై జారే ఆట) రామేశ్వరం వెళ్తాను. ఇంగ్లిష్ 'C' అక్షరంలా వంగి ఉండే పాత సీ కైట్ అమ్మేసి, విల్లులా కాస్త చదునుగా ఉండే 12 చదరపు మీటర్ల బో కైట్ తీసుకున్నాక టెన్షన్ బాగా తగ్గింది. 2005 ప్రాంతంలో వచ్చిన ఈ డిజైన్‌లో చేతులతో పట్టుకునే బార్‌ను ముందుకు వదిలితే లాగుడు దాదాపు మొత్తం పోతుంది. పాతవాటిలో అంత తగ్గేది కాదు. అయినా ఒక్కసారిగా ఈదురుగాలి కొడితే అదొక్కటే చాలదు. కైట్ లాగుడును వెంటనే ఆపడానికి నడుము ముందున్న ఎర్రటి రిలీజ్‌ను ముందుకు తోసెయ్యాలి. అప్పుడు కైట్ ఒకే తాడు మీద రెపరెపలాడుతూ నీళ్లలో పడుతుంది.

నచ్చనిది ఒకటే: ఆ రిలీజ్‌లో ఇసుక చేరితే బిగుసుకుంటుంది. ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, దిగేముందు తోసి చూసుకోవాల్సిందే. ధర ఎక్కువే. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం చవగ్గా వస్తుందని పాత సీ కైట్ జోలికి పోకండి.