చెవి తమ్మె కెలాయిడ్‌కు ఆపరేషన్: ఏళ్లు గడిచాక నా సమీక్ష

కెలాయిడ్, అంటే గాయం మానిన చోట గడ్డలా పెరిగే గట్టి మచ్చ, కోయించుకోవచ్చా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కోయించుకోవచ్చు. కానీ కోసిన తర్వాత ఏడాది పాటు ఏం చేస్తారో డాక్టర్ ముందే వివరంగా చెప్పాలి. అది చెప్పని చోట కత్తి పెట్టనివ్వొద్దు. నా చెవికి ఆపరేషన్ రెండుసార్లు జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

చెవి కుట్టించుకున్న చోట తమ్మె వెనక ఒక బొడిపె లేచి, నెమ్మదిగా పెరిగి గట్టిపడింది. మామూలు ఎత్తు మచ్చ అయితే గాయం ఉన్నంత మేరకే ఉండి, కాలం గడిచేకొద్దీ అణుగుతుంది. కెలాయిడ్ గాయం హద్దు దాటి పక్క చర్మంలోకి పాకుతుంది, దానంతట అది తగ్గడం అరుదు. మొదటిసారి గడ్డ కోసేసి, కుట్లు వేసి, అవి తీశాక పంపించేశారు. మళ్లీ రమ్మని కూడా చెప్పలేదు. కొన్ని నెలలకే కుట్ల గీత వెంబడి దురద మొదలైంది. ఆ తర్వాత పెరిగిన గడ్డ పాతదానికంటే పెద్దది. నాకొక్కదానికే ఇలా అయిందనుకున్నాను. తర్వాత తెలిసిందేమిటంటే, ఉత్త కోతతో వదిలేస్తే కెలాయిడ్ తిరిగొచ్చే అవకాశం 45 నుంచి 100 శాతం దాకా ఉంటుందని వైద్య గ్రంథాలే చెబుతున్నాయి. ఈ మాట ఆపరేషన్‌కు ముందు ఎవరూ నా చెవిన వేయలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

రెండోసారి చేసింది ప్లాస్టిక్ సర్జన్. లోపలి గట్టి ముద్దను తొలిచి తీసేసి, దాని పైనున్న చర్మాన్ని పారేయకుండా అట్టిపెట్టి, దాంతోనే గాయం మూశారు. అలా చేస్తే పక్క చర్మాన్ని లాగి కుట్టాల్సిన పని ఉండదు. లాగుడు ఎక్కువున్న గాయంలోనే కెలాయిడ్ తొందరగా లేస్తుందట. చెవి వరకే మత్తు ఇచ్చారు, అదే రోజు ఇంటికి వచ్చేశాను. ఆపరేషన్ గురించి ఇంతకుమించి చెప్పడానికేమీ లేదు, నిజానికి అదే అన్నిటికంటే తేలికైన భాగం.

కష్టమంతా ఆ తర్వాత, మచ్చ మళ్లీ లేవకుండా ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లతోనే. మందు పేరు ట్రయామ్‌సినలోన్. మచ్చను బట్టి మిల్లీలీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల బలంతో, 4 నుంచి 6 వారాలకోసారి నేరుగా మచ్చలోకే ఎక్కిస్తారు. సూది సన్నదే. కానీ మచ్చ గట్టిగా ఉంటే మందు లోపలికి దిగదు. డాక్టర్ బొటనవేలితో బలంగా నొక్కుతుంటే మచ్చ తెల్లగా పాలిపోయి బిగుసుకుంటుంది, ఆ కొద్ది క్షణాలూ నొప్పి ప్రాణం తీస్తుంది. ముందుగా మొద్దుబారే క్రీము రాయమని అడగండి, కొంత నయం. నాకు మొదట తగ్గింది దురద, ఆ తర్వాతే ఎత్తు. ఇబ్బందులూ వచ్చాయి: సూది పడినచోట చర్మం పలచబడి రంగు తగ్గింది, కొన్నాళ్లు నెలసరి తేదీలు అటూ ఇటూ అయ్యాయి. రెండూ ఈ మందుతో వచ్చేవేనని డాక్టర్ చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు.

గాయం పూర్తిగా మానాక ప్రెజర్ క్లిప్ పెట్టుకోమన్నారు. రెండు వైపుల నుంచీ తమ్మెను నొక్కిపట్టే చిన్న బిళ్లలు అవి. రోజులో ఎక్కువ గంటలు, ఆరు నెలల నుంచి ఏడాది దాకా పెట్టుకోవాలి. బిగుతు సరిచూసుకోవడం ముఖ్యం. తీసినప్పుడు బిళ్ల అచ్చు కాసేపు కనబడి పోతే సరిపోయినట్టే. తమ్మె నల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేయాలి. ఆ వైపు తిరిగి పడుకోలేం. అందరూ అదేంటని అడుగుతారు. అయినా వదలకూడదు. మచ్చ మీద అంటించే సిలికాన్ జెల్ షీట్ కూడా ఇంతే, రోజుకు 12 గంటలకు తగ్గకుండా నెలల తరబడి ఉంచాలి. తమ్మె మీద అది నిలవక నేను క్లిప్‌నే నమ్ముకున్నాను.

నా ఛాతీ మీద మొటిమ మచ్చలోంచి లేచిన కెలాయిడ్ ఇంకొకటి ఉంది. అదీ తీసేయమంటే ఇదే సర్జన్ ఒప్పుకోలేదు. ఛాతీ, భుజం దగ్గర ప్రతి కదలికకూ చర్మం సాగుతుంది. అక్కడ కోయాలంటే లోపలి పొరల్లో లాగుడును ఆపే కుట్లు వేయాలి, అవసరమైతే గీతను ఇంగ్లీషు జడ్ (Z) ఆకారంలో మలచాలి, చాలాసార్లు ఒకట్రెండు రోజుల్లోపే రేడియేషన్ మొదలుపెట్టాలి. తిరిగి రాకుండా రేడియేషన్ బాగా పనిచేస్తుందంటారు. కానీ పిల్లలకూ గర్భిణులకూ వాడరు. థైరాయిడ్, రొమ్ము దగ్గరైతే చాలా ఆలోచిస్తారు. నేను ఇంజెక్షన్లతోనే ఆగిపోయాను. ఛాతీ మచ్చ అణిగింది, మంట పోయింది, రంగు మాత్రం అలాగే ఉంది.

చెవి విషయానికొస్తే పూర్తి తృప్తి. తమ్మె ఆకారం కొంచెం మారింది, పట్టి చూస్తేగానీ తెలియదు. తిరిగొచ్చే కెలాయిడ్ ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే వస్తుందట, ఆ గడువు దాటి చాలా కాలమైంది. అయినా గీత మీద వేలు పెట్టి చూసుకుంటూనే ఉంటాను. దురద గానీ గట్టిదనం గానీ తెలిస్తే ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, చిన్నగా ఉన్నప్పుడు ఇంజెక్షన్‌తోనే అణుగుతుంది. మళ్లీ చెవి కుట్టించుకోను, పచ్చబొట్టు జోలికి పోను. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా నాకు కెలాయిడ్ వచ్చే చర్మమని ముందే చెబుతాను.