బరువు కిందికి దించాలా, ముందుకు జరపాలా? ఎస్‌సీఎక్స్10 II క్రాలర్‌ను కొన్నేళ్లు నడిపాక

నా బండి యాక్సియల్ వారి ఎస్‌సీఎక్స్10 II, అంటే రాళ్లూ గుట్టలూ నెమ్మదిగా ఎక్కే రిమోట్ కంట్రోల్ బండి (క్రాలర్). 1/10 స్కేలు, 313 మి.మీ. వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం), సీ ఆకారపు పొడుగాటి స్టీలు పట్టీల (రైళ్ల) చాసిస్. 2016లో వచ్చిన మోడల్ కాబట్టి దీన్ని కొనండి, కొనకండి అని చెప్పడానికి ఈ సమీక్ష రాయడం లేదు. కొన్నేళ్లలో దీని మోటారు మారింది, టైర్లు మారాయి, షాకులు (షాక్ అబ్సార్బర్లు) కూడా మారాయి. వాటన్నిటికంటే ఎక్కువ తేడా కనిపించింది బరువును చోటు మార్చినప్పుడు. అది కూడా చాలావరకు పైసా ఖర్చు లేకుండా.

నేను ఎక్కువగా నడిపేది ఖాజాగూడ వైపు గుట్టల మీద. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పొరలు పొరలుగా ఊడిపోయి గుండ్లన్నీ గుండ్రబడ్డాయి. విదేశీ వీడియోల్లో కనిపించే పగుళ్లు, మెట్లు, పేర్చినట్టుండే రాళ్లు ఇక్కడ తక్కువ. పొడుగాటి ఏటవాలు బండలే ఎక్కువ. పొడిగా ఉన్న రోజు మెత్తటి టైరు గరుకు గ్రానైట్‌ను బాగా పట్టుకుంటుంది. అందుకే ఇక్కడ బండి జారి ఆగిపోవడం అరుదు. ముందు చక్రాలు గాల్లోకి లేచి వెల్లకిలా పడటమే ఎక్కువ. సస్పెన్షన్ ఎంత మెలితిరుగుతుందో చూసి బండి కొనేవాళ్లు ఈ తేడా గమనించాలి. మన గుండ్ల మీద అసలు పరీక్ష బరువుదే.

కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఒకే ఎత్తున్న రెండు వంటింటి త్రాసులు తీసుకుని, ఒకదాని మీద ముందు చక్రాలు, ఇంకోదాని మీద వెనక చక్రాలు పెట్టాలి. బ్యాటరీ, బాడీ బండి మీదే ఉండాలి. మొదట్లో నా బండి 3000 గ్రాములు, ముందూ వెనకా సగం సగం. గరిమనాభి (బండి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కలోకి తీసుకునే బిందువు) ఎత్తు తెలియాలంటే ఇంకొక్క పని చేయాలి. సస్పెన్షన్ కదలకుండా బిగించి, ముందు త్రాసు కింద ఏదైనా పెట్టి లేపాలి. వెనక త్రాసు మీద బరువు ఎంత పెరిగిందో చూడాలి. 20 డిగ్రీలు లేపితే దాదాపు 140 గ్రాములు పెరిగింది. లెక్క వేస్తే గరిమనాభి ఇరుసుల కంటే 40 మి.మీ. పైన, అంటే నేల నుంచి 100 మి.మీ. ఎత్తులో ఉందని తేలింది.

ఈ అంకె చేతికొచ్చాక ఊహలతో పని లేదు. 45 డిగ్రీల ఎత్తు ఎక్కేటప్పుడు, సగం సగం బరువుతో, గరిమనాభి 100 మి.మీ. ఎత్తులో ఉన్న బండికి ముందు టైర్ల మీద మిగిలేది మొత్తం భారంలో 18 శాతమే. బరువును ముందుకు 60, వెనక్కి 40గా మారిస్తే 28 శాతం అవుతుంది. దాంతోపాటు ఎత్తు 80కి దించితే 34. ముందు టైరుకు దాదాపు రెట్టింపు పట్టు. ఈ లెక్కలో బండి మొత్తం బరువు ఎక్కడా రాదు. బరువు పెంచితే బండి నిలుస్తుందని చాలామంది అనుకుంటారు కానీ, నిలబెట్టేది ఆ బరువు ఉన్న చోటు.

ముందు ఎత్తు సంగతి. నా బండి మీద గట్టి ప్లాస్టిక్ బాడీ ఉండేది, పైన రూఫ్ ర్యాక్, వెనక స్టెప్నీ. ఫొటోల్లో అందంగా ఉంటుంది, కాదనను. అదంతా తీసి పల్చటి లెక్సాన్ (పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ రేకు) బాడీ వేస్తే 400 గ్రాములు తగ్గాయి. అది పోయింది 160 మి.మీ. ఎత్తు నుంచి కాబట్టి, గరిమనాభి ఒక్కసారిగా 9 మి.మీ. కిందికి వచ్చింది. తర్వాత కింద ఇరుసుకు నేను పెట్టిన ఇత్తడి బరువులన్నీ కలిసి దించింది సుమారు 2 మి.మీ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూశాక రూఫ్ ర్యాక్ మళ్లీ ఎక్కించబుద్ధి కాలేదు. స్టెప్నీ మరీ అన్యాయం. వెనక ఇరుసు దాటి వేలాడుతుంది కాబట్టి వెనక బరువు పెంచడమే కాదు, ముందు చక్రాలను కూడా కొంచెం పైకి లేపుతుంది.

ఆ తర్వాత బ్యాటరీ. 2ఎస్ 5000 ప్యాక్ (రెండు సెల్స్, 5000 ఎంఏహెచ్) 280 గ్రాములు, నా బండిలో వెనక ఇరుసు మీద ఉండేది. దాని బదులు 180 గ్రాముల 3ఎస్ 2200 ప్యాక్ తీసుకుని, ముందు షాకుల మధ్య తక్కువ ఎత్తులో పెట్టాను. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) 3ఎస్ తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. దాదాపు 200 మి.మీ. ముందుకు జరపడంతో 115 గ్రాముల భారం వెనక నుంచి ముందుకు వెళ్లింది. మొత్తం బరువులో అది నాలుగున్నర శాతం. ఇంతకంటే చవక మార్పు ఈ ఆటలో లేదు. నడిపే సమయం తగ్గింది, నిజమే. జేబులో రెండో ప్యాక్ పెట్టుకుంటే సరిపోతుంది.

చాసిస్‌ను దించడంలో రెండు దారులున్నాయి, రెంటినీ కలిపి మాట్లాడుతుంటారు. షాకులు పొట్టివి వేస్తే లేదా స్ప్రింగులు మెత్తబరిస్తే బండి మొత్తం దిగుతుంది, స్కిడ్ ప్లేట్ (బండి పొట్ట కింది పలక) కూడా రాయికి దగ్గరవుతుంది. గుండు నెత్తిన పొట్ట ఆని, నాలుగు చక్రాలూ ఊరికే తిరుగుతూ ఉండిపోవడం అప్పుడే మొదలవుతుంది. ఎల్‌సీజీ చాసిస్‌లో (గరిమనాభి కిందికి ఉండేలా చేసినది) అలా కాదు. స్కిడ్ ఎత్తు అలాగే ఉంటుంది, రైళ్లు మాత్రం దాని పక్కకు కిందికి వస్తాయి, వాటితోపాటు బాడీ, బ్యాటరీ, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) కూడా దిగుతాయి. రెండూ వాడి చూశాను, రెండో దారిలోనే ఉండిపోయాను. మూల్యం టైరు చోటు రూపంలో కట్టాలి. పూర్తిగా స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు లింకులకు (ఇరుసును చాసిస్‌కు కలిపే కడ్డీలకు), బాడీకి రాసుకుంటుంది. ఫెండర్లు కత్తెరతో కోయకుండా పని జరగలేదు. చక్రాల మధ్య నుంచి మధ్యకు 180 మి.మీ. ఉన్న బండికి ఎత్తు 100 నుంచి 80కి దిగితే, పక్కకు ఒరిగి పడే కోణం లెక్క ప్రకారం 42 డిగ్రీల నుంచి 48కి పెరుగుతుంది. స్ప్రింగులు వాలడం వల్ల బయట అంత రాదు కానీ, ఏటవాలు బండ మీద అడ్డంగా పోయేటప్పుడు టెన్షన్ బాగా తగ్గింది.

ఇత్తడి చివర్లో. రెడీమేడ్ నకుల్స్ (ముందు చక్రాలు తిరిగే కీళ్లు), డిఫ్ కవర్ (ఇరుసు మధ్య గేర్ల మూత) తెప్పించుకుంటే షిప్పింగు, కస్టమ్స్ కలిపి వాచిపోతుంది. నకుల్స్ ఒక్కటే కొని, చక్రాల లోపలి రింగులు బాలానగర్‌లో లేత్ మీద తిప్పించుకున్నాను. మిగతా కొంచెం టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కు వాడే అంటించే బరువులతో సరిపెట్టాను. అన్నీ కలిపి 250 గ్రాములు, మొత్తం ముందు ఇరుసుకే. వెనక చక్రాలకు ఒక్క గ్రాము కూడా పెట్టకండి. ఇప్పుడు బండి 2750 గ్రాములు, ముందు వాటా 60 శాతం పైచిలుకు, గరిమనాభి 80 మి.మీ.కి కాస్త పైన. ఇరుసుకు పెట్టే బరువు స్ప్రింగుల మీద ఊగదు, ఎప్పుడూ కిందే ఉంటుంది, అందుకే అది మంచి చోటు. కానీ స్టీరింగ్ సర్వో మీద పని పెరుగుతుంది. రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్న టైరును తిప్పలేక నా పాత సర్వో గేర్లు పోయాయి. ఇత్తడి కొనేవాళ్లు బడ్జెట్‌లో సర్వోను కూడా కలుపుకోవాలి.

మరి 60 బాగుంటే 70 ఇంకా బాగుండాలి కదా అని చక్రాల్లో ఇంకా బరువులు అంటించి చూశాను. ఎక్కడం అద్భుతం. ఎక్కిన బండ దిగాలి మరి! 60/40, 80 మి.మీ. బండి 45 డిగ్రీల దిగుడులో వెనక చక్రాల మీద 14 శాతం నిలుపుకుంటుంది. 70/30 అయితే 4 శాతం చిల్లరే మిగులుతుంది, 50 డిగ్రీల లోపే మూతి మీద బోల్తా. చిన్న మెట్టు దిగి ముందు చక్రం టక్కున ఆగినా చాలు, తోక లేస్తుంది. ముందుకు జరిపిన బరువు ఎక్కేటప్పుడు ఇచ్చినది దిగేటప్పుడు వసూలు చేస్తుంది. కిందికి దించిన బరువు రెండు దారుల్లోనూ, పక్కవాలులోనూ పనికొస్తుంది. అందుకే నా వరస: ముందు కిందికి, తర్వాత ముందుకు, ఇత్తడి ఆఖరున, అదీ 60 దగ్గర ఆపేయాలి.

బరువు సర్దినా పోనిది ఒకటుంది. థ్రాటిల్ గట్టిగా నొక్కగానే చాసిస్ ఒక పక్కకు మెలితిరిగి, ఒక ముందు చక్రం తేలికవుతుంది. డ్రైవ్ షాఫ్టులోని టార్క్‌కు (తిప్పే బలానికి) ప్రతిచర్య అది. 2017 నాటి ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4 లాంటి పోర్టల్ ఇరుసుల బండ్లలో చివరి గేరు తగ్గింపు చక్రం దగ్గరే జరుగుతుంది కాబట్టి, షాఫ్టు మీద టార్క్ తక్కువ, మెలిక కూడా తక్కువ. యాక్సియల్ కూడా 2020లో ఎస్‌సీఎక్స్10 IIIకి పోర్టల్స్ పెట్టింది. మామూలు ఇరుసుల బండి ఉన్నవాళ్లు బ్యాటరీని లేచే వైపుకు ఒక వేలు వెడల్పు జరిపి చూడండి. నాకు సగం పైగా తగ్గింది. మిగతాది థ్రాటిల్ మీద వేలు మెత్తగా పెట్టడం వల్ల తగ్గింది.

ట్రైల్ మీద నడకలాగా తిప్పుకునేవాళ్లకు, స్కేలు అందం ముఖ్యమనుకునేవాళ్లకు ఇదంతా అవసరం లేదు. గట్టి బాడీ ఉంచుకుని బ్యాటరీ ఒక్కటి ముందుకు జరుపుకుంటే చాలు. గుండ్లు ఎక్కించాలనుకునేవాళ్లు మాత్రం ఏదైనా ఆర్డర్ పెట్టే ముందు రెండు త్రాసులు తెచ్చుకోండి. బాడీ మార్చినా, ప్యాక్ మార్చినా మళ్లీ తూయండి, 3ఎస్ నుంచి 2ఎస్‌కు మారినా సరే.