విమాన దూరాలు చెప్పే యాప్: నాలుగేళ్లు వాడాక

ఈ యాప్‌లో ‘ప్రయాణ సమయం’ అని ఒక లైన్ ఉంటుంది. దాని మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

మొదట్లో నాకు ఇది తెగ నచ్చింది. టోక్యో, లాస్ ఏంజెలెస్ అని కొట్టగానే సుమారు 8,800 కిలోమీటర్లు అని చెప్పి, పసిఫిక్ మీద ఉత్తరానికి వంగిన గీత చూపించేది. మా అమ్మాయి నమ్మకపోతే గ్లోబు మీద ఆ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూపించాను. దారం కూడా తనంతట తనే ఉత్తరానికి జరిగింది.

తర్వాత నాన్నతో అదే రూట్‌లో వెళ్లాం. ఆయనకు పార్కిన్సన్స్, నాలుగు గంటలకోసారి మాత్ర పడాలి. యాప్ 10 గంటల 50 నిమిషాలు అంది. టికెట్ మీద టైములు ఉన్నా, మధ్యలో తేదీ మారుతుంది కాబట్టి ఆ లెక్క తికమక అనిపించి యాప్‌నే నమ్మాను. గేటు దగ్గర ఒక మాత్ర వేసి, రెండు చేతిసంచిలో పెట్టుకుని, మిగతావి చెక్-ఇన్ సూట్‌కేసులో వేశాను. పది గంటల్లోనే దిగిపోయాం. ఎంత సంతోషించానో!

తిరుగు ప్రయాణానికీ యాప్ అదే సమయం చూపించింది. నేనూ అలాగే సర్దాను. తలుపులు మూశాక విమానం గంటసేపు కదల్లేదు. గాల్లో దాదాపు 12 గంటలు. దిగడానికి ఇంకా గంటకు పైగా ఉండగానే విమానంలో వేయాల్సిన మూడో మాత్ర వేళయింది, అది నా దగ్గర లేదు. నాన్న చేతులు వణకడం మొదలైంది, కాళ్లు బిగుసుకుపోయాయి. సీట్లోంచి లేవలేకపోతే సిబ్బంది వీల్‌చైర్ తెచ్చారు. సూట్‌కేసు బెల్ట్ మీదకి వచ్చేదాకా నేను పడ్డ టెన్షన్ చెప్పలేను.

కారణం తర్వాత తెలిసింది. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది, చలికాలంలో మరీ గట్టిగా. వెళ్లేటప్పుడు అది తోసింది, వచ్చేటప్పుడు ఎదురైంది. యాప్ మాత్రం దూరాన్ని ఒకే వేగంతో భాగించి అరగంట కలుపుతుంది. ఎటు వెళ్తున్నామో దానికి పట్టదు.

నేను మెచ్చుకున్న ఆ గీత కూడా విమానం నిజంగా వెళ్లే దారి కానక్కర్లేదు. 2022లో రష్యా గగనతలం మూసుకుపోయాక హెల్సింకి–టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి 13 గంటల దాకా పెరిగింది. యాప్‌లో ఆ రూట్ సమయం ఇప్పటికీ పాతదే.

అయినా తీసెయ్యలేదు. దూరం వరకు సరిగ్గానే చెబుతుంది. ఒంటరిగా తిరిగేవాళ్లకు గంట అటూ ఇటూ అయినా ఇబ్బంది ఉండకపోవచ్చు. నాకు అలా కుదరదు. ఇప్పుడు అదే విమానం గత వారం రోజులూ నిజంగా ఎన్ని గంటలు ఎగిరిందో ట్రాకింగ్ యాప్‌లో చూస్తాను, అదీ వెళ్లడానికి, రావడానికి విడివిడిగా. నాన్న మాత్రల షీట్లన్నీ చేతిసంచిలోనే ఉంటున్నాయి.