విజయనగరంలో సంగీతం: కాలేజీలో చేరడమా, మాస్టారి దగ్గర విడిగా పాఠమా?

విజయనగరంలో సంగీతం అనగానే అందరూ చెప్పేది మహారాజా సంగీత కళాశాల పేరే. 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ హరికథా విద్వాంసుడు ఆదిభట్ల నారాయణదాసు, 1936లో ఆయన తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల చదివిందీ ఇక్కడే. పిల్లలకు పదిమందితో కలిసి సరళీ వరసలు (మొదటి స్వర పాఠాలు) పాడటం ఎంతో మంచిది. తాళం త్వరగా కుదురుతుంది, బెరుకు పోతుంది. సర్టిఫికెట్, డిప్లొమా కావాలన్నా దారి ఇదే.

కానీ వయొలిన్ మొదలుపెట్టే పిల్లలకు నేను విడి పాఠమే మేలంటాను. బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తల కుడి పాదం మీద ఆనించి కూర్చోవడమే మొదట్లో పెద్ద పని. పైగా వయొలిన్‌కు వీణకున్నట్టు మెట్లుండవు, వేలు ఎక్కడ పెట్టాలో చేతికే తెలియాలి. మొదటి పాఠాలు చెప్పే మాయామాళవగౌళ రాగంలో గాంధారానికీ (గ) మధ్యమానికీ (మ) మధ్య దూరం చాలా తక్కువ, వేలు కాస్త జరిగినా స్వరం తప్పుతుంది. బో (కమాను) పట్టిన మణికట్టు బిగుసుకుంటే శబ్దం గీరుకుంటుంది. ఇవన్నీ పక్కనే కూర్చున్న మాస్టారు అక్కడికక్కడే సరిచేయాలి. అలవాటైపోయాక మార్చడం మహా కష్టం.

పెద్దవాళ్లకు, ముఖ్యంగా గాత్రానికి, విడి పాఠం మేలనడానికి ఇంకో కారణం శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్థాయి. దాన్ని అంకెలతో చెబుతారు. సాధారణంగా మగవాళ్లు ఒకటి, ఒకటిన్నరలో పాడితే ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర సుఖం. అందరినీ ఒకే శ్రుతిలో పాడిస్తే ఎవరో ఒకరి గొంతు నలిగిపోతుంది. పైగా ఆఫీసు నుంచి వచ్చాక కుదిరే టైమ్ పెట్టుకోవచ్చు, పిల్లల మధ్య కూర్చోవాలన్న టెన్షన్ ఉండదు.

ఫీజు విడి పాఠానికే ఎక్కువ, అందులో సందేహం లేదు. అందుకే పునాది పడేదాకా విడిగా నేర్పించి, గీతాలకు (స్వర పాఠాల తర్వాత నేర్పే చిన్న పాటలకు) వచ్చాక నలుగురితో కలిపి కూర్చోబెట్టమంటాను.