మునిగిన కారును నాకు అంటగట్టారు. బయానా ఇచ్చే ముందు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి

శ్రీకాకుళం, విజయనగరం పరిసరాల్లో సెకండ్‌హ్యాండ్ కారు కొనాలనుకుంటున్నవారు బయానా ఇచ్చే ముందు నాకు ఎదురైన ఈ అనుభవాన్ని చదవవలసిందిగా కోరుతున్నాను. విజయనగరంలో ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర గత వేసవిలో నేను 2021 మోడల్ డీజిల్ కారు కొన్నాను. "సింగిల్ ఓనర్ బండి బాబూ, ఒక్క గీత కూడా లేదు" అని ఆయన చెప్పిన మాటలో అబద్ధం లేదు, గీతలు నిజంగానే లేవు. ఆ కారు వరదలో మునిగి తేలిందన్న సంగతి మాత్రం ఆయన నోటి వెంట రాలేదు.

వానలు మొదలైన తరువాత ఒక సాయంత్రం చిలకపాలెం నుంచి రాజాం వెళ్తుండగా, రోడ్డు మీద చక్రంలో సగానికి కూడా రాని నీటిలో కారు ఆగిపోయింది. మా ముందు ఆటో నిక్షేపంగా దాటిపోయింది. మా డాష్‌బోర్డులో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి, అద్దాలు దిగలేదు, వెనుక కూర్చున్న మా అమ్మ వైపు తలుపు ఎంత లాగినా రాలేదు. నా వైపు తలుపు తెరుచుకుంది కాబట్టి సరిపోయింది. నాగావళి గట్టు దాటిన రోజున ఇదే జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా నాకు మనసు రావడం లేదు.

మరునాడు శ్రీకాకుళంలో మెకానిక్ డ్రైవరు సీటు కింద కార్పెట్ ఎత్తి వైర్ల కనెక్టరు ఊడదీస్తే, పిన్నులన్నీ చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. తరువాత ఆయన ఏమీ మాట్లాడకుండా సీటు బెల్టును చివరి వరకు లాగి నా చేతిలో పెట్టారు. రోజూ బయటకు రాని ఆ చివరి జానెడు మేర ఎండిన బురద చార ఉంది. సీట్లు ఉతికారు, ఇంజిన్ తుడిచారు, సెంటు కొట్టారు గానీ, అక్కడిదాకా ఎవరూ లాగలేదు.

మన రాష్ట్రంలో 2019లో అన్ని జిల్లాలకూ ఏపీ 39తో ఒకే సిరీస్ మొదలవడంతో నంబరును బట్టి బండి ఏ ఊరిదో తెలియదు. నేను ఆర్‌సీలో చిరునామా చూశాను గానీ, విజయవాడ అని ఉంటే అందులో ఆలోచించవలసింది ఏముందనుకున్నాను. 2024 సెప్టెంబరు 1న అక్కడ బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు వాహనాలు నీట మునిగాయని గుర్తుకు రాలేదు. ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీసు సెంటరులో అడిగితే, అదే నెలలో ఈ కారును తాడు కట్టి లాక్కొచ్చినట్టు నమోదై ఉంది. ఈ పని కొనేముందు చేసి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది.

మరమ్మతు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే బీమా సంస్థ ఆ విలువను యజమానికి చెల్లిస్తుంది, ఆ బండి తుక్కు ధరకు చేతులు మారుతుంది. అలా కొని బాగుచేసి అమ్మడంలో తప్పు లేదు, చెప్పకుండా అమ్మడమే మోసం. అందుకే పాత పాలసీ కాగితాలు అడగండి, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) హఠాత్తుగా సున్నా అయి ఉంటే కారణం రాబట్టండి. స్టెప్నీ గుంట, సీటు పట్టాల తుప్పు, హెడ్‌లైటు లోపలి చెమ్మ కూడా చూడండి.

బీమా విషయంలోనూ నేను పొరపాటు చేశాను. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగుదల కోయకుండా చెల్లించే అదనపు కవర్) ఉంటే చాలనుకున్నాను. నీటిలో ఆగిన బండికి మళ్లీ సెల్ఫ్ కొడితే, నొక్కుకుపోని నీరు సిలిండరులో చేరి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆ నష్టానికి ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకొని ఉండాలి, అదున్నా మళ్లీ స్టార్ట్ చేశారని తెలిస్తే పేచీ పెడతారు. సెల్ఫ్ జోలికి పోకుండా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, లాగించుకుపోవడమే క్షేమం.

వ్యాపారిని అడిగితే, "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసిన డెలివరీ కాగితం మీద నా సంతకం చూపించారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు కనుక, సర్వీసు రికార్డును, బెల్టు ఫొటోలను జతచేసి శ్రీకాకుళం వినియోగదారుల కమిషన్‌కు అర్జీ సిద్ధం చేస్తున్నాను. ఆ బెల్టును మాత్రం ఇంకా కడగలేదు.